అడగని వాక్యం

మదనపల్లెలో ఒక ల్యాబు నుంచి రిపోర్టులు ఈమెయిల్ చేసే క్యాథరిన్, పొద్దున్నే ప్రార్థన ముగించి అదే అడ్రసు నుంచి రోగులందరికీ బైబిలు వాక్యం పంపేది. ఎవరడిగారని? ఆ ప్రశ్న ఆమెకు తట్టనే లేదు.

పుంగనూరు రుక్మిణమ్మ రక్తపరీక్ష ఫలితం బాగాలేదు. వెంటనే రమ్మని మెయిల్ పంపినా ఎవరూ రాలేదు. మెయిల్ ఏమైందో చూడమని క్యాథరిన్ అడిగింది.

ల్యాబులో కంప్యూటర్లు చూసే జెఫ్రీ చెప్పాడు: "వాక్యాలు వద్దనుకున్నోళ్లు స్పామ్ అని నొక్కినారక్కా. అట్ల నొక్కేకొద్దీ మన అడ్రసు మీద నమ్మకం పోతాది. ఇప్పుడు రిపోర్టులు గూడా స్పామ్‌లోకే పోతాండాయి."

ఆమె వెంటనే రుక్మిణమ్మ భర్త మల్లప్పకు ఫోన్ చేసింది. "స్పామ్‌లో సూడప్పా, రిపోర్టు ఆడుంటాది."

"ఆడ యాల సూడాలమ్మా? దినామూ మీ వాక్యాల్ని ఆడికి తోసింది నేనే గదా. రిపోర్టు రాలేదంటే, ఆమెకేం లేదనుకుంటిమి."