పెళ్లిపత్రిక ప్యాకింగు

పెళ్లిళ్లకు జనరేటరు కిరాయికి ఇవ్వడం మా బాపు పని. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో కూడా హాలియా చుట్టుపక్కల అది లేకుండా పెళ్లి మైకు మోగేది కాదు. కరెంటు పోగానే పందిరంతా ఉసూరుమనేది, బాపు ఒక్కడే నవ్వుతూ లేచేవాడు. "ఫికర్ చేయకుండ్రి, నేనున్న!" అని చీకట్లోంచి ఒక్క కేక. ఆ కేక కోసం కరెంటు పోవాలని నేను లోలోపల మొక్కుకునేదాన్ని.

తర్వాత కరెంటు పోవడం మానేసింది. అందరికీ మంచిదే అయింది, మా బాపుకు తప్ప. జనరేటరు వెనకగదిలో గోనెసంచి కప్పుకుని కూర్చుంది. మొన్నామధ్య తమ్ముడు ఆ గదిలో కిరాణా దుకాణం పెడతానన్నాడు.

"సద్దుల బతుకమ్మ లోపల నడిస్తే ఉంచుదం అక్కా. నడవకుంటే పాతసామాన్లోనికి ఇచ్చేద్దాం."

బాపు అన్నం సగంలో వదిలేసి లేచాడు. నాకు ఒళ్లు మండింది. కుట్టుమిషను పక్కకు జరిపి నేనే ఆ జనరేటరు ముందు కూర్చున్నాను.

తాడు లాగితే అంటుకుంటోంది గానీ, కార్బొరేటరు కింది నుంచి పెట్రోలు కారిపోతోంది. విప్పి చూస్తే, కారకుండా మధ్యలో పెట్టే ప్యాకింగు ఎండి పొడిపొడిగా రాలింది. అది ఒకప్పుడు పెళ్లిపత్రిక. ప్రతి సీజనులో మొదట కిరాయికి పిలిచినవాళ్ల పత్రికతోనే బాపు ప్యాకింగు కోసేవాడు, శుభమని. ప్యాకింగు కూర్చునే ఇనుము మీదే పత్రిక పరిచి అంచుల వెంట సుత్తితో చిన్నగా తడితే ఆకారం దిగేది. నేను కత్తెర పట్టడం నేర్చుకున్నది అక్కడే. జాకెట్లు తర్వాత వచ్చాయి.

"పత్రికే కొయ్యి బిడ్డా, గదే ఆగుతది" అన్నాడు బాపు.

ఇంట్లో ఉన్న కొత్త పత్రిక ఒకటి, తళతళలాడేది, కోసి బిగించాను. పూట తిరక్కుండానే కారింది. విప్పితే పైనున్న ప్లాస్టిక్ పొర ఊడి జిగటగా వేళ్లకు అంటుకుంది.

"గిప్పటి పత్రికలకు మెరుపే గానీ దమ్ము లేదు" అని బాపు పత్రికను తిట్టాడు. తన పద్ధతిని మాత్రం ఒక్క మాట అననివ్వలేదు.

తమ్ముడు సైకిల్ ట్యూబు ముక్క తెచ్చాడు. నల్లగొండలో స్పేరుపార్టుల దుకాణం అతను కార్కు ముక్కొకటి, నైట్రైల్ రబ్బరు ముక్కొకటి ఇచ్చి, పెట్రోలుకు నైట్రైలే ఆగుతుందన్నాడు. అప్పటికి నేను ఎవరి మాటా నమ్మే స్థితిలో లేను. కొత్త గుడ్డనైనా తడిపి ఆరేసి చూడందే నేను కత్తెర పెట్టను. అందుకే పెరట్లో మూడింటినీ పెట్రోలు పోసిన డబ్బాల్లో నానబెట్టి మూత పెట్టాను.

మర్నాటికి ట్యూబు ముక్క పూరీలా ఉబ్బి, గోరు పెడితే చిట్లింది. కార్కు అంచులు రాలుతున్నాయి. నైట్రైల్ ముక్క మాత్రం వేసినది వేసినట్టే ఉంది.

"పత్రిక లేకుండనేనా?" అన్నాడు బాపు. ఆ గొంతు విని నా ప్రాణం చివుక్కుమంది.

"పత్రిక లేకుంటెట్ల బాపూ? మాదిరి దానితోనే తీద్దాం. నువ్వు తట్టు, నేను కోస్త."

బాపు సుత్తి అందుకుని అంచుల వెంట చిన్నగా తట్టాడు. పత్రిక మీద ఆకారం దిగింది. దాన్ని రబ్బరు మీద పెట్టి, జాకెట్టుకు గీసినట్టే సుద్దతో గీసి కోశాను.

సద్దుల బతుకమ్మ ముందురోజు, పొద్దుగూకే వేళ జనరేటరును వాకిట్లోకి జరిపి తాడు లాగాను. జనరేటరు అంటుకుంది. కార్బొరేటరు కింద వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. దానికి తగిలించిన బల్బు వెలిగింది గానీ, ఇంటి లైట్ల మధ్య అది వెలిగినట్టే అనిపించలేదు. సంతోషంగా వెనక్కి తిరిగితే బాపు లేడు. నా మనసు ఉసూరుమంది.

అంతలో ఇల్లంతా చీకటైంది. "కరెంటు పోయిందా?" అంటూ తమ్ముడు బయటికొచ్చాడు. వాకిట్లో మా బల్బు ఒక్కటే వెలుగుతోంది. లోపల మెయిన్ స్విచ్ దగ్గర నుంచి, ఇన్నేళ్ల తర్వాత, ఒక కేక వినిపించింది.

"ఫికర్ చేయకుండ్రి, నేనున్న!"