పప్పు డబ్బాలో దాచిన జీపు

పోయిన నెల నరసరావుపేటలో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. ఈమధ్య ఎక్కడ చూసినా పెడుతున్నారు కదా, అలాగే కల్యాణమండపం గుమ్మం దగ్గర ఒక పాత జీపును బంతిపూలతో ముంచేసి నిలబెట్టారు. అది ఎక్కడికీ పోయే జీపు కాదు, లోపల ఇంజనే లేదట, పెళ్ళికొచ్చినవాళ్ళు ఎక్కి ఫొటోలు దిగడానికి పెట్టింది. పిల్లలు నన్ను కూడా వదలకుండా చెయ్యి పట్టి లాక్కెళితే, నా అలవాటు చొప్పున కుడివైపు సీటులో ఎక్కి కూర్చున్నాను. తీరా చూస్తే స్టీరింగు నా ఒళ్ళోనే ఉంది. అమ్మమ్మ జీపు తోలుతుందని అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ, కుడివైపు కూర్చోవడం నాకెందుకు అలవాటయిందో చెబితే వినే తీరిక ఆ పెళ్ళిలో ఎవరికుంది? నా ఈడు వాళ్ళయితే కాస్త ఓపికగా వింటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా ఆయన మిలిటరీలో బండ్లు మరమ్మతు చేసే విభాగంలో పనిచేసి, పింఛనుతో ఊరికొచ్చిన మనిషి. మా ఊరు గురజాలకూ కారంపూడికీ నడుమ ఉంటుంది, నా పుట్టిల్లూ మెట్టినిల్లూ అక్కడే, నేను ఆ ఊరి బళ్ళోనే పంతులమ్మని. ఎనభైల మొదట్లో ఒకరోజు ఆయన ఏదో పని మీద మాచర్ల వెళ్ళి, ఒకరింటి దొడ్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న జీపును చూసి వచ్చారు. ఇక అన్నం ముందు కూర్చున్నా దాని మాటే, నీళ్ళు పోసుకుంటున్నా దాని మాటే. రెండో ప్రపంచ యుద్ధం నాటిదట. యుద్ధమయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేస్తే చేతులు మారి మారి సాగరు డ్యాము కట్టే కంట్రాక్టరు దగ్గరికి చేరిందట, ఆయన రాళ్ళల్లో తిప్పినంత కాలం తిప్పి, పని అయిపోయాక వదిలేసి పోయాడట. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, స్టీరింగు ఎడమవైపు ఉందట. ఈయన సర్వీసులో చేరిన కొత్తలో పని నేర్చుకున్నది అలాంటి బండి మీదేనట. వారం తిరక్కుండా దాన్ని ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చారు, వెనక సీటు కింద పొదుగుతున్న కోడిపెట్టతో సహా.

నేను మొదట గయ్యిమన్నమాట నిజమే. అప్పుడాయన ఒక ఆశ చూపించారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఎక్కడో సరిహద్దుల్లో, నేనిక్కడ, ఇద్దరం కలిసి ఒక ఊరు వెళ్ళిందే లేదు. అమరావతిలో కృష్ణ స్నానం చేయాలని నాకు ఎప్పట్నుంచో ఉండేది. బండి బాగయిన రోజున నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క బస్సు కూడా ఎక్కకుండా అమరావతి తీసుకెళతానన్నారు. ఆ మాటకు మెత్తబడ్డాను. అప్పట్నుంచి ఆ జీపు ఆయనకెంతో నాకూ అంతే అయింది.

ఆ తరవాత గడిచిన ఏళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కిరసనాయిలు వాసనే వస్తుంది. వసారాలో గోతాలు పరిచి, విప్పిన ప్రతి సామానునూ విప్పిన వరసలోనే పెట్టేవారు, చీపురు పట్టుకుని అటు వెళితే చాలు, ఇంట్లోకి పాము వచ్చినంత హడావిడి చేసేవారు. నా బేసిన్లన్నీ ఒక్కొక్కటే కార్బురేటరు కడగడానికి వెళ్ళిపోయాయి, వెళ్ళినవి మళ్ళీ వంటింటి ముఖం చూడలేదు. కంట్రాక్టరు వేయించిన నీలం రంగును గరుకు కాయితంతో గీకితే కింద ఎరుపు, దాని కింద అసలు మిలిటరీ పచ్చ, ఆ పచ్చలో బానెట్టు మీద చెరిగీ చెరగని తెల్ల నక్షత్రం బయటపడ్డాయి. ఆవేళ ఆయన నన్ను బడి మధ్యలో పిలిపించి మరీ చూపించారు. ఆ పచ్చ ఏ రంగుల కొట్లోనూ దొరకలేదు. వాడిన బీరాకు రంగని నేనంటే, అదే, అచ్చం అదే అని, ఒక బీరాకు కోసుకుని గుంటూరు వెళ్ళి ఆ రంగు కలిపించుకొచ్చారు. దారిలో ఆకు ఇంకాస్త వాడిందని తిరిగొచ్చాక దిగులుపడ్డారనుకోండి.

అన్నీ అమిరాయి గానీ ఒక్కటి అమరలేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కో మూత కింద తిరిగే రోటరు. ఉసిరికాయంత నల్లటి ముక్క, అది లేకపోతే ఇంజను ఎంత తిప్పినా నిప్పు రవ్వ పుట్టదు. విజయవాడలో లేదన్నారు, హైదరాబాదులో లేదన్నారు. నరసరావుపేటలో వెల్డింగు షాపు సాయిబు గారు ఈయనకు మంచి స్నేహితుడు, బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఆయన బొంబాయి వెళ్ళే లారీల వాళ్ళందరికీ చెప్పి పెడితే, చెప్పిన సంగతి మేం మరిచిపోయాక, అక్కడి పాత సామాన్ల బజారులో ఒక్కటంటే ఒక్కటి దొరికింది. సాయిబు గారు దాన్ని దూదిలో చుట్టి, స్వయంగా బస్సెక్కి తెచ్చిచ్చారు.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో జీపు పలికింది. కొత్త బండి ఇంటికొస్తే కొబ్బరికాయ కొట్టి, అయినవాళ్ళందరినీ ఎక్కించుకుని ఊరు చుట్టి రావడం మా వైపు మర్యాద. ఈయన అదీ చేశారు, దిగేవాళ్ళతో మనదే అనుకోండి అని కూడా అన్నారు. నలుగురూ అనే మాటే, మర్యాదకు అనే మాటే. మా కొంప ముంచింది ఆ మాటే. ఆ మర్నాడే మా ఆడపడుచు గారి అత్తవారి వైపు నుంచి పెళ్ళికొడుకును ఊరేగించడానికి జీపు కావాలని కబురొచ్చింది. ఆ వారం ఇద్దరం అమరావతి వెళదామనుకుని నేను చీరె కూడా తీసి పెట్టుకున్నాను.

తరవాత ఇంకో పెళ్ళి, ఇంకో ఓణీల ఫంక్షను. నొప్పులొచ్చిన ఆడమనిషిని గురజాల ఆసుపత్రికి తీసుకెళ్ళారంటే అందుకు నాకు సంతోషమే, అలాంటి పనికి ఎన్నిసార్లయినా వెళ్ళనీ. కానీ పత్తి మందు డబ్బాలు వేసుకెళ్ళారు, యూరియా బస్తాలు వేసుకెళ్ళారు. వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి వంకర పోయో విరిగో వచ్చేది. ఈయన మళ్ళీ గోతాలు పరిచేవారు. కాదు అనే మాట ఆ మనిషి నోట రాదు, పోనీ పాడయిందని ఒక అబద్ధం చెబుదామా అంటే అదీ రాదు. మిలిటరీలో అందరూ తల్లికి సీరియస్ అని టెలిగ్రాం కొట్టించుకుని సెలవు మీద వస్తుంటే, మా అత్తగారు నిజంగా మంచం పట్టినప్పుడు మాత్రమే వచ్చిన ఘనుడాయన. అబద్ధం రాని మనిషి అని నేనూ ఊళ్ళో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ బండి పాడై ఉన్నంత కాలం మాది, బాగైన రోజు నుంచి ఊరిది.

అలా ఉండగా ఎన్నికలొచ్చాయి. మా వైపు ఎన్నికలంటే మీకు వేరే చెప్పాలా! ఒక వర్గానికి పెద్ద మా బావగారు, అంటే ఈయన పెదనాన్న కొడుకు. రెండో వర్గానికి పెద్ద నా సొంత మేనమామ. అంతకుముందు ఎన్నికల్లో రెండు వైపులా గడ్డివాములు తగలబడి ఉన్నాయి. బావగారు వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏందిరా, బండి కడిగి పెట్టు, రేపట్నుంచి మనోళ్ళు తిరగాల. పెట్రోలు సంగతి నువ్వు చూడమాక" అని, జవాబు కోసం కూడా ఆగకుండా వెళ్ళారు. ఆయన కూర్చున్న చోటు చల్లారకముందే మా మేనమామ దొడ్డిదారిన వచ్చి, "అమ్మాయ్, మా అల్లుడి జీపు వస్తదని చానామందికి చెప్పేశా. నా పరువు మీ చేతుల్లో ఉంది" అన్నాడు. ఒకరికిస్తే రెండోవారికి శత్రువులం, అదీ ఊరికే మాట్లాడుకోకపోవడంతో పోయే శత్రుత్వం కాదు. ఇద్దరికీ ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో చెప్పాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని ఎండలో, ఆయన బానెట్టు ఎత్తి నిలబడ్డారు. ఎంతసేపటికీ లోపలికి రాకపోతే వెళ్ళి చూశాను. రోటరు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు. నా చేతిలో పెట్టి, "ఏమే, ఇది యాడన్నా దాచెయ్. యాడ దాచావో నాకు మటుకు చెప్పమాక" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్ళు ఏ ముక్క కోసం దేవుళ్ళాడామో ఆ ముక్కను మేమే పీకేసుకోవాల్సి వచ్చింది. కానీ ఆయన లెక్క నాకు అర్థమైంది. ఎక్కడుందో తెలియకపోతే, సామాను నా దగ్గర లేదు అని నిజమే చెప్పవచ్చు. ఎర్ర జాకెట్టు గుడ్డలో చుట్టి కందిపప్పు డబ్బా అడుగున పెట్టాను.

బావగారు మాచర్ల నుంచి మెకానిక్కును తెప్పించారు, మేనమామ ఇంకో మెకానిక్కును తెచ్చాడు. ఇద్దరూ చూసి, ఈ సామాను ఈ చుట్టుపక్కల దొరకదని ఒకే మాట చెప్పి వెళ్ళారు. అయినవాళ్ళిద్దరూ మా మీద సగం కోపంతో, సగం జాలితో వేరే బండ్లు చూసుకున్నారు. పోలింగు ముందు రోజు మా పక్క వీధి వాళ్ళ జీపును ఊరి బయట ఆపి తగలబెట్టారు. తోలేవాడు చేలకు అడ్డం పడి పరిగెత్తబట్టి బతికాడు. ఈయన వెళ్ళి ఆ కాలిన ఇనపచట్రం చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం వద్దన్నారు.

ఎన్నికలయ్యాక రోటరు అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. ఇంకో ఎన్నికలొచ్చాయి, అవి కాగానే పంచాయతీవి వచ్చాయి. మా వైపు ఎన్నికలు లేని కాలమంటూ ఏదైనా ఉంటే కదా! ఆయన ఆదివారం ఆదివారం జీపును తుడిచి, ఎడమవైపు ఎక్కి స్టీరింగు పట్టుకుని కూర్చునేవారు. పని అయ్యాక నేనూ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళి కుడివైపు కూర్చునేదాన్ని. ఎదురుగా కనిపించేది మా గేదెల కొట్టం. ఎవరైనా వచ్చి జీపు సంగతి అడిగితే, సామాను లేదు అనేవారు. అమరావతి తరవాత బస్సులోనే వెళ్ళాం. దారి పొడుగునా ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు, పాపం.

ఆయన కాలం చేసిన ఏడాది, పప్పు డబ్బాలు ఎండబెట్టి కడుగుదామని ఆ డబ్బాను బోర్లించాను. చాలా ఏళ్ళుగా పప్పు పైన పోయడమే గాని అడుగు దాకా తీసింది లేదు. పప్పుతోపాటు మూట కింద పడింది. అది నా ఎర్ర జాకెట్టు గుడ్డ కాదు. ఆయన పాత ఖాకీ చొక్కా గుడ్డ. విప్పితే రోటరు కొత్తదానిలా ఉంది, ఇత్తడి ముక్క తళతళలాడుతోంది, తుప్పు పట్టకుండా పల్చగా నూనె కూడా రాసి ఉంది. ఎప్పుడు కనిపెట్టారో, ఎన్నేళ్ళ నుంచి తీసి తుడిచి మళ్ళీ పెడుతున్నారో, నాకు తెలియదు. అక్కడే పప్పు మధ్య కూలబడ్డాను. అబద్ధం రాని మనిషని ఊరంతా చెప్పుకున్నానే, ఆ మనిషి సామాను లేదు, సామాను లేదు అని అందరి ముందూ, నా ముందు కూడా, అలా చెబుతూ పోయాడు.

ఇప్పుడు మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఒక కారుంది. ఎవరి బండీ ఎవరూ అడగరు. ఎన్నికలకు బండ్లు ఎక్కడెక్కడి నుంచో బారులు తీరి వస్తాయి, మా ఊరి బండ్లతో వాళ్ళకు పనే లేదు. అడిగేవాళ్ళు లేని ఈ కాలం నలభై ఏళ్ళు ముందు వచ్చుంటే ఎంత బాగుండేది అనుకుంటాను, మళ్ళీ, అలా వచ్చి ఆ నొప్పులొచ్చిన పిల్లను ఎవరూ ఎక్కించుకోకపోయి ఉంటేనో అని భయమేస్తుంది. జీపు ఇంకా ఆ కొట్టం ఎదురుగానే ఉంది, టైర్లు నేలకు అంటుకుపోయాయి. పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడు పప్పు డబ్బా దించి, రోటరు తుడిచి, నూనె రాసి, ఆ ఖాకీ గుడ్డలోనే చుట్టి మళ్ళీ అడుగున పెట్టాను. ఇంక ఎవరి నుంచి దాస్తున్నావమ్మా అని మా కోడలు అడిగింది. నేను పైన పప్పు పోసి మూత పెట్టేశాను.