పుంటికూర దిండు

ఒకే ఒక్క దిండు మా చెల్లెలి పెళ్లిచూపుల్ని పోలీసు విచారణగా మార్చేసిందంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మా చెల్లెల్నే అడగండి. కాకపోతే కాస్త దూరంగా నిలబడి అడగండి.

అప్పట్లో నాకు క్రోషియా అల్లికల పిచ్చి కొత్తగా పట్టింది. ఫోన్‌లో వీడియోలు చూసి సూదితో గొలుసు కుట్టు నేర్చుకున్నానో లేదో, నమూనా చూసి అల్లడం నా స్థాయికి తక్కువనిపించింది. లెక్కలూ కొలతలూ లేకుండా చెయ్యి ఎటు పోతే అటు అల్లే పద్ధతి ఒకటుంది, ఫ్రీఫామ్ అంటారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకది దొరికింది. వికారాబాద్‌లో పుట్టి అనంతగిరి అడవి చూస్తూ పెరిగినదాన్ని, ఆకులు కాక ఇంకేం అల్లుతాను? ముందు టేకాకు అల్లాను. చెప్పు అట్టలా వచ్చింది. తర్వాత మోదుగాకు అల్లాను. అమ్మ దాంతో పొయ్యి మీది గిన్నె దించింది.

నేను అలిగి కూర్చున్న ఓ పొద్దున అమ్మ పుంటికూర తెంపుతోంది. అదేనండీ, కోస్తావాళ్ల గోంగూర. ఏం ఆకు అది! వేళ్లు విప్పిన అరచెయ్యిలా సన్నటి చీలికలు, అంచుల వెంట రంపపు పళ్లు. అంతే, పచ్చ ఊలు ఉండలు ముందేసుకున్నాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వంకర తిరిగింది, దిండు నిండా ఆకులే ఆకులు. కడిగి వండుకోవచ్చన్నంత బాగా వచ్చింది.

చెల్లి శ్రావణిని చూసుకోవడానికి తాండూరు వాళ్లు వచ్చిన రోజున దాన్ని సోఫా నడిమధ్య పెట్టాను. అబ్బాయి, అతని తల్లిదండ్రులు, నాయనమ్మ, మేనమామ వచ్చారు. ఆ మేనమామ పోలీసు జమేదారుగా చేసి రిటైరైన మనిషి. నా ఖర్మకొద్దీ దిండు పక్కనే కూర్చున్నాడు. వీపు వెనక పెట్టుకోబోయి, ఆగి, కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"బిడ్డా, గీ ఆకు ఏంది?"

"పుంటికూర అంకుల్. నేనే డిజైన్ చేసిన," అన్నాను గర్వంగా.

ఆయన గొంతు తగ్గించాడు. "గిది గంజాయి ఆకు. నా నౌకరీ మొత్తం గీ ఆకు పట్టుకునుడే అయింది. జర నిజం చెప్పు."

"నిజంగ పుంటికూరే!"

"దొరికినోళ్లందరు గట్లనే అన్నరు."

మీరే చెప్పండి, ఒళ్లు మండదా? ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా ఆకుకే నష్టమంటారు. ఆ ముల్లుకు పోలీసు పింఛను కూడా వస్తుంటే ఇక ఆకు గతేమిటి?

అబ్బాయి తల్లి మా అమ్మ వైపు వంగింది. "అక్కా, మీ పెద్దబిడ్డ ఏం పని చేస్తది?"

"ఏం లేదు, ఇంట్లనే ఉంటది. ఫోన్ల చూసుకుంట ఏమేమో నేర్చుకుంటది," అంది అమ్మ. ఆ మాట నాకెంత ఉపకారం చేసిందో వేరే చెప్పాలా!

"ఆగుండ్రి, అసలు ఆకే చూపిస్త!" అని వంటింట్లోకి పరుగెత్తాను. ఒక్క ఆకు మిగల్లేదు. ఇంట్లో ఉన్నదంతా ఆ పూట పప్పులోకి పోయింది. పప్పులో కాలేయడమంటే ఏమిటో లోకానికి చూపించడానికి నేను గిన్నెతో సహా వచ్చాను.

"చూడుండ్రి, గా ఆకే గిండ్ల ఉన్నది!"

మేనమామ దిగ్గున లేచాడు. "పప్పుల గూడ ఏసిండ్రా?"

"అక్కా, నువ్వు జర నోరు మూస్తవా?" అని శ్రావణి తలుపు చాటు నుంచి ఏడుపు గొంతుతో అరిచింది. అబ్బాయి మాత్రం తల వంచుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు.

అబ్బాయి నాయనమ్మ పుట్టిల్లు కర్ణాటక అంచున బషీరాబాద్ పక్క ఊరు. ఆమె గిన్నె తన ముందుకు లాక్కుని, వేలితో ఇంత తీసుకుని నాలుకకు రాసుకుంది. కళ్లు మూసుకుంది.

"మా తల్లిగారి దిక్కు దీన్ని పుండి పల్య అంటరు. పుల్లగ మస్తున్నది. ఓ పోలీసు, కూసొని తిను!"

తిన్నాడు. మళ్లీ అడిగి వేయించుకున్నాడు కూడా. పొరపాటైందని మాత్రం ఒక్క ముక్క అనలేదు. ఆ మంట నాకింకా చల్లారలేదు. వెళ్లేటప్పుడు ఆయనే గుమ్మంలో మా నాన్న చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, పిల్ల నచ్చింది. పప్పు గూడ నచ్చింది. గానీ గా దిండును మాత్రం పిల్లతోటి పంపకుండ్రి. తొవ్వల చెకింగ్ ఉంటది."

అందుచేత మహాజనులారా, క్రోషియా సూది మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ ఆకు అల్లను. తప్పనిసరై అల్లినా, ఎర్ర దారంతో దాని మీద ఆకు పేరు కుట్టకుండా ఏ పోలీసు వీపు వెనకా పెట్టను.