చేత్తో తిరగని నట్టు

సోమవారం. రెండు బకెట్ల బట్టలు, రొట్టెలు, గిన్నెలు అయ్యాక, నేను ఆడుకోవడానికి గేమింగ్ కంప్యూటర్ బిగిస్తున్నాను. ర్యామ్ మదర్‌బోర్డులో దిగలేదు. అది అమ్మిన నిజామాబాద్ దుకాణదారుకు ఫోన్ చేశాను.

"గట్టిగ నొక్కుండ్రి అక్కా, కూసుంటది. లేకుంటే సార్‌ను పంపుండ్రి."

నొక్కలేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరైన మా బాపు గుర్తొచ్చాడు. చిన్నప్పటి దోస్తులారా, మనందరి సైకిళ్లూ మా వాకిట్లోనే విప్పేవాడు, గుర్తుందా? చేతులకు గ్రీజు, చొక్కాకు చెరుకుపాకం వాసన.

"నట్టు ముందుగాల చేత్తోని తిప్పు బిడ్డా. తిరగకుంటే అది దాని జోడి కాదు" అనేవాడు.

"ఆడివిల్లకు పానా ఎందుకే?" అని నన్ను కన్న అవ్వే నా చేతిలోంచి గుంజుకునేది.

చూస్తే, ర్యామ్ అంచుకున్న గాటు ఒకచోట, అది కూర్చోవాల్సిన బోర్డు గట్టు ఇంకోచోట. మళ్లీ ఫోన్ చేశాను.

"వేరే రకంది ఇచ్చినవ్ అన్నా. సార్ రాడు, నేనే వస్తున్న."

మార్చుకొచ్చాను. వేలితో నొక్కగానే టక్కున కూర్చుంది.

అవ్వా, నువ్వు గుంజుకున్న పానా బాకీ ఇవాళ తీరింది.