గోడ మీది వయొలిన్

యుద్ధం అయిపోయాక ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదులను దాచనివాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. ఎవరిని కదిపినా ఓ వీరగాథ. ఇంతమంది దాచితే మావాళ్లంతా ఏమైపోయారో మరి!

మా సాలి చిన్నాన్నను మాత్రం నిజంగానే దాచారు. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ పల్లెల్లో ఒక రైతు తన ఆవుల కొట్టం అటక మీద చోటిచ్చాడు. చిన్నాన్న కాఫీ హోటల్లో బల్లల మధ్య తిరుగుతూ వయొలిన్ వాయించేవాడు. ఆ రైతుకేమో దేవుడి కీర్తనలు తప్ప తక్కిన సంగీతమంతా పాపం. ఆదివారాలు ఇంటిల్లిపాదీ శ్రుతి తప్పి పాడుతుంటే, దగ్గినా ప్రాణం పోయే చోట, చిన్నాన్న మూడేళ్లు పళ్లు బిగబట్టుకుని విన్నాడు.

"నాజీలకి చిక్కలేదు గానీ, ఆ పాటలకి చచ్చాననుకో," అనేవాడు.

ఆయన భార్య యూడిక్ పిన్నిని వేరే ఊళ్లో దాచారు. ఆ ఇంటి సంగతి ఎవరో పోలీసులకు చెప్పారు.

చిన్నాన్న తిరిగొచ్చాక పాత హోటల్ వాళ్లు పని ఇస్తామన్నారు, సొంత వయొలిన్ ఉంటేనే. తన వయొలిన్‌ని దాక్కోబోయే ముందు పాత ఇంటి పైవాటా గ్రీత్యేకి దాచమని ఇచ్చి వెళ్లాడు. తెచ్చుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

తలుపు తీసిన గ్రీత్యే, "అయ్యో, తిరిగొచ్చారా!" అంది.

ఆ అయ్యో ఎందుకో లోపలికెళ్లాక తెలిసింది. వయొలిన్ ముందుగది గోడకు సింగారంగా వేలాడుతోంది.

"మీరు అదృష్టవంతులు సాలిగారూ. పోయిన చలికాలం ఇక్కడ లేరు. మేం తిండి దొరక్క తులిప్ పూలమొక్కల దుంపలు తిని బతికామండీ!"

"పాపం, నాకా కష్టం తప్పింది. వయొలిన్ తీసుకెళ్తానమ్మా."

"తీసేస్తే గోడ మీద మచ్చ కనబడదూ? గోడకి అతికించే రంగు కాగితం కూడా కొత్తది దొరకట్లేదాయె."

మావాళ్ల ఇళ్లకు ఇళ్లే ఖాళీ అయిపోతే, ఈవిడ గోడకు మచ్చ పడుతుందట. నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నాన్న మాత్రం నవ్వాడు.

"పోనీ, శ్రుతి చేసి పెట్టనా? ఊరికే వేలాడితే పాడైపోతుంది."

ఊరికే వచ్చే సేవను కాదనేంత చెడ్డది కాదు గ్రీత్యే.

చిన్నాన్న శ్రుతి చేసి, వాయించడం మొదలుపెట్టాడు. వాయిస్తూ హోటల్లో లాగే బల్ల చుట్టూ తిరిగాడు. తిరుగుతూనే గుమ్మం దాటాడు. మెట్లు దిగాడు. అంతస్తు అంతస్తునా తలుపులు తెరుచుకున్నాయి.

"సాలి! బతికే ఉన్నాడర్రా!"

చప్పట్లు. అంతమంది వీరుల ముందు గ్రీత్యే 'దొంగా!' అని ఎలా అరుస్తుంది? పైనుంచి తానూ చప్పట్లు కొట్టింది.

వీధి మలుపు తిరిగాం. జనం నవ్వుకుంటూ మా వెంటే వస్తున్నారు.

"ఇక ఆపు చిన్నాన్నా, ఆ గ్రీత్యే వెనక రావట్లేదు," అన్నాను.

"ఆపితే వీళ్లు మీ పిన్ని ఏదని అడుగుతారే," అన్నాడు, వాయిస్తూనే.