ఇంజను చల్లారేదాకా

ఆ వేసవిలో నా కారు వారానికొకసారి, శనివారం మధ్యాహ్నం, రెంటచింతల దాటకముందే కాగిపోయేది. రెంటచింతల ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ కాసిందని టీవీవాళ్ళు చెప్పినా ముందు ఆ ఊరి పేరే వస్తుంది. నా కారుకి కూడా ఆ సంగతి తెలిసినట్టుంది.

నేను మాచర్లలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. సొంత ఫ్లాటు నరసరావుపేటలో. వారమంతా మాచర్లలో అద్దె గది, శనివారం క్లాసులు అవగానే పేటకి ప్రయాణం, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ వెనక్కి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళ కోసం కొన్నేళ్ళు జవాబులు తయారుగా పెట్టుకున్నాను. ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు.

కోటప్పకొండ తిరునాళ్ళు అయిన వారంలో లీకు మొదలైంది. అద్దె గది ముందు, కారు ఆపినచోట, పచ్చటి నీళ్ళు మరకకట్టి కనిపించాయి. ఏసీ నీళ్ళే అనుకుని తుడవకుండా వదిలేశాను. ఏసీ నీళ్ళు పచ్చగా ఉండవనీ, అది ఇంజనుని చల్లబరిచే కూలెంటనీ కెమిస్ట్రీ చెప్పేదానికి తట్టకపోవడం ఏమిటో! ఆ శనివారం మాచర్ల దాటి కాస్త దూరం వచ్చేసరికి వేడి చూపించే ముల్లు సగం దాటింది, తరవాత ఎరుపులోకి పోయింది. ఇంజను మరీ కాగినప్పుడు హీటరు వేస్తే దాని వేడి కొంత లోపలికి వచ్చేస్తుందని ఎవరో చెప్పింది గుర్తొచ్చి, ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పెట్టాను. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల నేను కొని తెచ్చుకున్న ఎండ. చీర ఒంటికి అతుక్కుపోయింది. కారునీ నన్నూ కలిపి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచాక ఇక లాభం లేదని రోడ్డు పక్కన ఒక ఇంటి ముందు ఆపేశాను.

ఇంటి ముందు నాపరాళ్ళ అరుగు. పక్కన ట్రాక్టరు పెట్టుకునే రేకుల షెడ్డు. అవతల కళ్ళంలో ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు. షెడ్డు నీడలో ఒకావిడ కాయల కుప్ప ముందేసుకుని తొడిమలు తీస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. నన్నూ, ఆవిరినీ, నా మెడలో కాలేజీ కార్డునీ వరసగా చూసింది.

"ఏంది మేడం, పొగలొత్తన్నయ్?"

"రేడియేటర్ కాగిపోయిందమ్మా. కాసిని నీళ్ళు కావాలి."

"ఇత్తాగానీ, ఇప్పుడే మూత తియ్యబాకండి. మా ట్రాక్టరుకి అట్టనే తీసి మా ఆయన మొహం కాల్చుకున్నాడు. చల్లారనీయండి. ఈడకొచ్చి కూర్చోండి."

ఇంజను చల్లారడానికి గంట పట్టింది. ఊరికే కూర్చోలేక నేనూ నాలుగు కాయలు తీసుకుని తొడిమలు తుంచాను. కాసేపటికే వేళ్ళు భగ్గుమన్నాయి. ఆవిడ పడీపడీ నవ్వి, లోపల్నించి కొబ్బరినూనె తెచ్చి నా వేళ్ళకి రాసింది. నా చెయ్యి ఇంకో మనిషి పట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆలోచించాను. గుర్తురాలేదు.

తరవాత బోరు నీళ్ళు బకెట్‌తో తెచ్చింది. ఆ నీళ్ళు పోస్తే రేడియేటర్ లోపల సున్నం పేరుకుపోతుందని వద్దన్నాను.

"ఆ నీళ్ళే తాగి పెరిగాం. మాకు పేరుకోలా?" అంది. అంటూనే లోపలికి పోయి, తాగడానికి కొనుక్కున్న క్యాన్‌లోంచి బిందె నింపుకొచ్చింది. "మడిసికి పోసే నీళ్ళు కారుకి పోయటం ఇదే చూడటం" అని సణుగుతూ, మూత మీద తడి గోనెపట్టా వేసి తిప్పి, తనే పోసింది.

ఇంతకీ నేను మనుషుల్లో కలిసే రకం కాదు. పని లేకుండా ఒకరి గడప తొక్కకూడదని చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. అది నాకు బాగా ఎక్కింది. నా తలుపు కొట్టినవాళ్ళని కూడా "ఏం పని మీద వచ్చారు?" అని ముందుగా అడుగుతాను. మా ఫ్లాట్లలో పక్కింటివాళ్ళు ఆ ప్రశ్న ఒకటి రెండుసార్లు విని, తరవాత రావడం మానేశారు. వాళ్ళ తప్పేం లేదు. శనివారం సాయంత్రం తాళం తీసుకుని లోపలికి వెళ్ళాక, సోమవారం తాళం వేసేదాకా నా గొంతు పనిచేసేది పాలవాడితో మాట్లాడినప్పుడు, టీవీలో అబద్ధాలు చెప్పేవాళ్ళని తిట్టినప్పుడు. అంతే.

తరవాతి శనివారం బయల్దేరే ముందే నీళ్ళు నింపుకున్నాను. అయినా అక్కడికి వచ్చేసరికి ముల్లు లేచింది. ఆ పై వారమూ అంతే. మాచర్ల మెకానిక్ కింద పడుకుని చూసి, రేడియేటర్ అడుగున చిల్లిపడిందనీ, రెండు రోజులు కారు వదిలేస్తే బాగుచేస్తాననీ చెప్పాడు. పరీక్షలయ్యాక తెస్తానన్నాను. పరీక్షలయ్యాయి, ఎంసెట్ క్లాసులు మొదలయ్యాయి. పేపర్లు దిద్దడం అయ్యాక తెస్తానన్నాను. డిక్కీలో నీళ్ళ క్యాను ఎప్పుడూ ఉండేది. దాని సంగతి ఆ ఇంట్లో చెప్పలేదు.

నిజానికి నాకు కారు బాగుచేయించాలని లేదు. వారమంతా ఆ గంట కోసం ఎదురుచూసేదాన్ని. శనివారం మూడో పీరియడ్‌కే ప్రాణం కొట్టుకునేది. దారిలో ముల్లు కదలకపోతే భయం వేసేది. అది సగం దాటగానే మనసు తేలికపడేది. ఇంజను పాడైపోతుందని తెలుసు. పాడైతే పాడవనీ అనుకున్నాను.

అక్కడ మేము గొప్ప విషయాలేమీ మాట్లాడుకోలేదు. తోడికోడలు ఫోన్ చేసి ఏమన్నదో ఆవిడ చెప్పేది. తోడికోడలి పక్షాన నేను వాదిస్తే కోపం తెచ్చుకుని కాయ నా మీదకి విసిరేది. మా ప్రిన్సిపాల్ నడిచినట్టు నేను నడిచి చూపిస్తే కళ్ళలో నీళ్ళొచ్చేట్టు నవ్వేది. నేను మనిషిని నవ్వించగలనని నాకే తెలియదు. మూడు నాలుగు వారాలు గడిచాక ఒకరోజు నేను కారు దిగుతుంటే, "ఏందక్కా, ఇయ్యాల ఆలస్యమైంది?" అంది. మేడం అక్కగా ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. ఆలస్యమైందని అడిగే మనిషి నాకూ ఒకరు ఉన్నారు. రైలు గేటు పడిందని నేరం దాని మీదకి నెట్టి తప్పించుకున్నాను.

ఏప్రిల్ చివర్లో ఒక శనివారం వెళ్ళేసరికి ఆవిడ భర్త కూడా ఇంట్లో ఉన్నాడు. మనిషి మంచివాడే, అరుదుగా కనపడేవాడు. ఆయన పక్కన పానాలు సర్దుకుంటూ ఇంకొకాయన.

"అక్కా, తాళాలిటియ్యి" అన్నాడు ఆవిడ భర్త. "మీ చెల్లెలు నన్ను నిద్రపోనీటంలా. అక్క ఎండలో చానా ఇబ్బంది పడతంది, ఏదోటి చూడమని ఒకటే పోరు. మా ట్రాక్టరు రేడియేటర్లు చేసే మనిషిని గురజాల నుంచి తీసకొచ్చా. సాయంత్రానికల్లా అయిపోద్ది."

వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. వద్దని ఏ కారణం చెప్పాలి? ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహంలోకి చూస్తోంది, ఎంత సంతోషపడతానో చూద్దామని. తాళాలు ఇచ్చాను.

చల్లారాక రేడియేటర్ విప్పి, మోటారు సైకిల్ మీద పెట్టుకుని ఇద్దరూ గురజాల వెళ్ళారు. ఆ సాయంత్రమంతా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. గోంగూర పచ్చడీ పప్పూ వేసి అన్నం పెట్టింది. చాలంటే వినలేదు. తిన్నాక అరుగు మీద చాప వేసి, "కాసేపు నడుం వాల్చక్కా, నీ మొగం పీక్కపోయింది" అంది. పడుకున్నాను. షెడ్డులో ఆవిడ ఫోన్‌లో ఎవరితోనో, "మా అక్క వచ్చింది, తరవాత మాట్లాడతాలే" అనడం వినిపించింది. కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. లేస్తే సాయంత్రం తొందరగా అయిపోతుందేమోనని.

పొద్దు వాలాక వాళ్ళు వచ్చారు. రేడియేటర్ బిగించి, కొత్త కూలెంట్ పోసి, ఇంజను స్టార్టుచేసి చాలాసేపు ఉంచారు. ముల్లు మధ్యలోకి వచ్చి అక్కడే నిలబడింది. పర్సు తీసినందుకు మొగుడూ పెళ్ళామూ కలిసి నన్ను తిట్టారు. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇంక నీకీ తిప్పలు లేవక్కా! ఏడా ఆగే పన్లేదు. సర్రున ఇంటికి పోవచ్చు."

నవ్వాను. మంచి పని చేశారన్నాను. నిజంగానే మంచి పని. నాకోసం ఎవరైనా అంత మంచి పని చేసి చాలా ఏళ్ళయింది. గురజాల దాటేదాకా ఆపుకుని, తరవాత ఏడ్చాను.

తరవాతి శనివారం ఎండ ఇంకా పెరిగింది. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని వస్తున్నాను. మాచర్ల దాటి చాలా దూరం వచ్చినా ముల్లు కదల్లేదు. ఏసీ ఎక్కువ పెట్టాను, గేరు తగ్గించి ఇంజనుని రొప్పించాను. అయినా కదల్లేదు. ఆయన పని శ్రద్ధగా చేశాడు.

ఆవిడ రోడ్డు అంచుకి వచ్చి నిలబడి ఉంది. నా కారుని దూరం నుంచే గుర్తుపట్టింది. ముందు బానెట్ వైపు చూసింది. ఆవిరి లేదు. మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి నవ్వుతూ, "పో, పో" అన్నట్టు ముందుకి ఊపింది.

నా కాలు బ్రేకు మీదే ఉంది. కారు బాగా నెమ్మదించింది కూడా. ఆపితే ఆవిడ మొహం మారిపోతుంది. "ఏందక్కా, మళ్ళా కారిందా?" అని పరుగున వస్తుంది. కారలేదు, నిన్ను చూడాలనిపించి ఆగానని చెప్పాలి. అంత చిన్న మాటని నా నోటితో అనడం నాకు చేతకాలేదు. హారన్ కొట్టాను. నేనూ చెయ్యి ఊపాను. అద్దంలో ఆవిడ ఇంకా ఊపుతూనే ఉంది.

ఆ రోజు గంట ముందే ఇంటికి చేరాను.