తలుపుగా నిలబడ్డ బావ

బావకు ఒక్కటే జబ్బు. ఆఫీసుకు ఏ పని వచ్చినా సరే, దానికి ప్రోగ్రామ్ రాసేముందు ఆ పనిని తన ఒంటితో చేసి చూడందే వదలడు. "ఒకసారి చేసి చూద్దాం" అన్నాడంటే ఇక అందరూ కుర్చీలు పక్కకు జరుపుకోవలసిందే.

కార్లు నిలిపే చోటుకు ప్రోగ్రామ్ కావాలన్నారు. బావకు కారు లేదు. వెళ్లి రెండు కార్ల మధ్య తానే నిలబడ్డాడు. రసీదు ఇవ్వడానికి వచ్చిన వాచ్‌మన్ ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "నంబరు ఎక్కడ రాయించారు సార్?" అని అడిగాడట. బట్టలుతికే యంత్రం పని వచ్చినప్పుడు సబ్బునీళ్ల తొట్టిలో దిగి గిరగిరా తిరిగాడు. "ఉతుక్కున్నంతసేపూ ఊరుకున్నానే చెల్లీ, పిండడానికి నన్ను పిలిచారు" అని అక్క ఇప్పటికీ వాపోతుంది. పిల్లల ఆటలో కోడి నడవాలంటే, బొమ్మలు గీసే ఆవిడ ఎదుట వంగి గింజలు ఏరుతూ నడిచాడు. మధ్యలో నడుం పట్టేసింది. ఆవిడ చూసింది చూసినట్టు గీసేసింది. ఆ కోడి ఈనాటికీ ఒక రెక్క నడుం మీద ఆనించుకునే నడుస్తుంది, పిల్లలకు అదంటే ప్రాణం.

ఇవన్నీ ఇంట్లో విని నవ్వుకున్నంత కాలం ఆ చెల్లెలికి, అంటే బావ మరదలికి ఏ ఇబ్బందీ లేకపోయింది. అదే ఆఫీసులో చేరాక మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆమె లెక్కలో ప్రోగ్రామ్ అంటే కుర్చీలో కూర్చుని బుర్రపెట్టి రాసేది. ఒళ్లు హూనం చేసుకునేది కాదు.

ఆమెకు సొంతంగా అప్పగించిన మొదటి పని కంటి ఆసుపత్రి తలుపు. మనిషి దగ్గరికి రాగానే రెండు అద్దాల రెక్కలూ వాటంతట అవే పక్కకు జరగాలి. ఇది నెగ్గితే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్లీ పాత కొలువే, రోజంతా ఫోన్లు ఎత్తి "లైన్లో ఉండండి" అనడం. మరదలు కుర్చీ దిగకుండా రాసి పారేసింది. ఎదురుగా ఉన్న స్తంభాన్ని చూసి తలుపు తెరుచుకోకుండా, కదలనిది మనిషి కాదని కూడా దానికి నేర్పింది. ఆ తెలివికి తన్ను తానే మెచ్చుకుంది.

ఆమె రాసింది చదివి, "ఒకసారి చేసి చూద్దామా?" అన్నాడు బావ.

"తలుపులో చేసి చూడ్డానికి ఏముంది బావా? తెరుచుకుంటుంది, మూసుకుంటుంది."

మర్నాటి నుంచి బావ ఆఫీసుకు రాలేదు. ఆసుపత్రి గుమ్మంలో, ఇంకా యంత్రం తగిలించని ఆ అద్దాల తలుపు పక్కన నిలబడ్డాడు. వచ్చేపోయే వాళ్లకు తీయడం, మళ్లీ మూయడం. తీసినప్పుడల్లా నోటితో "టింగ్" అంటున్నాడని గార్డు ఫోన్ చేశాడు. మరదలు పరుగున వెళ్లింది.

"బావా, పరువు పోతోంది. ఇంటికి పదండి."

"పని మధ్యలో తలుపు ఇంటికెలా వస్తుందమ్మా?" అన్నాడు బావ. ఆమె విసురుగా బయటికి నడుస్తుంటే "టింగ్" అని దారి ఇచ్చాడు.

యంత్రం తగిలించిన రోజున ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ స్వయంగా చూడడానికి వచ్చింది. ఒక కంటికి కట్టుతో ఒక పెద్దాయన బయటికి బయల్దేరాడు. తలుపు చక్కగా తెరుచుకుంది. పెద్దాయనకు గడప ఎక్కడుందో తెలియక అడుగు ఆపి అలాగే నిలబడ్డాడు. తలుపు ఆయన్ని స్తంభం కింద జమకట్టి ముక్కు ముందే మూసుకుంది. ఉలిక్కిపడి కదిలాడు, తెరుచుకుంది. భయపడి ఆగాడు, మూసుకుంది. ఆయన వెనక వచ్చినవాళ్లూ కళ్లలో చుక్కలు వేయించుకున్నవాళ్లే, అందరూ ఆగేవాళ్లే. కాసేపటికి ఆసుపత్రిలో స్తంభాల వరస తయారైంది.

"ఏమ్మా, మా పేషెంట్లు మీ తలుపుకి మనుషుల్లా కనబడ్డంలేదా?" అంది డాక్టరమ్మ.

మరదలికి "లైన్లో ఉండండి" అన్న మాట చెవుల్లో గింగురుమంది.

అప్పుడు బావ వచ్చి మీట కట్టేసి, అద్దాన్ని చేత్తో పక్కకు జరిపాడు. "టింగ్. తొందరేం లేదు పెద్దాయనా, తలుపు ఎక్కడికీ పోదు."

పెద్దాయన చెయ్యి చాపి బావ భుజం తడిమి, "తలుపు మెత్తగా ఉందే" అనుకుంటూ బయటపడ్డాడు.

"కొన్నాళ్లు చేత్తోనే నడపాలి మేడం. ఇక్కడివాళ్లు ఎలా నడుస్తారో చూశాక మిగతాది మా మరదలు రాస్తుంది" అన్నాడు బావ.

డాక్టరమ్మ అద్దాల కేసి చూసింది. "రెక్కలు రెండు కదా. రెండోది ఎవరు?"

అందరూ మరదలి వైపు తిరిగారు.

ఆ పూటంతా ఆమె ఎడమ రెక్క. మొదట్లో "టింగ్" నోట్లోంచి రావడానికి సిగ్గుపడింది. కొంతసేపటికి సిగ్గు పోయింది, చూపు నిలిచింది. గడప వెతుక్కునేవాళ్లు ఆగుతున్నారు. నల్ల కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఆగుతున్నారు. అప్పుడే కట్టు విప్పించుకున్న ఒకావిడ వీధి కేసి చూస్తూ ఎంతసేపు నిలబడిపోయిందో. ఆవిడ తృప్తిగా చూసుకునేదాకా మరదలు రెక్క పట్టుకునే ఉంది. చేతులు లాగాయి గానీ వదలబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే ప్రోగ్రామ్ తిరగరాసింది. ఆగినవాళ్లు దాటేదాకా తలుపు కూడా ఆగుతుంది. డాక్టరమ్మ ఒప్పుకుంది, ఉద్యోగం నిలిచింది.

"నేను రాసింది ముందే చదివారుగా. తప్పు అప్పుడే కనబడిందా?" అని బావను నిలదీసింది.

"కనబడింది."

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్తే దిద్దేసి, తర్వాతది మళ్లీ కుర్చీలోంచే రాసేదానివి. ఈలోగా ఎవరి ముక్కూ పగలకుండా చూడాలి కదా. అందుకని తలుపు పని నేర్చుకున్నా."

ఇంటికెళ్లి చెబితే అక్క నవ్వింది. "ఆ ఉతికే యంత్రం మాత్రం ఆయనదనుకున్నావా? కొత్తగా చేరిన ఒకమ్మాయిది. కార్లదీ అంతే. మీ బావ పనులు మీ బావకు చేసీ చేసీ ఒంటబట్టాయే, వాటికి ఆయన కుర్చీలోంచి లేవనే లేవరు."

ఆ తర్వాత మరదలికి లిఫ్ట్ పని వచ్చింది. బావ చొక్కా చేతులు మడుచుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి, మరదలు అప్పటికే బొమ్మలు గీసే ఆవిడను వీపున వేసుకుని రొప్పుతూ దిగుతోంది.

"నేనూ ఎక్కొచ్చా?"

"ఒక్కరే పడతారు బావా. మీట నొక్కి నిలబడండి."

"మీట ఎక్కడ?"

మరదలు నుదురు ముందుకు వంచింది. బావ చూపుడువేలితో నొక్కాడు.

"టింగ్" అంది మరదలు.